బిడ్డకు రాసిచ్చిన ఇల్లు వెనక్కి వస్తుందా?

కొడుకు పేరనో కూతురి పేరనో ఇల్లు రిజిస్టర్ చేసిన తల్లిదండ్రులు, తర్వాత ఆదరణ కరువైతే సాధారణంగా మొదట వెళ్లేది సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి. దాత ఒక్కరే సంతకం చేసే రద్దు దస్తావేజుతో హక్కు వెనక్కి రాదన్న సంగతి అక్కడే తెలుస్తుంది.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం స్థిరాస్తి దానానికి రిజిస్ట్రేషన్, ఇద్దరు సాక్షుల సంతకాలు, దాత జీవించి ఉండగా గ్రహీత అంగీకారం ఉంటే చాలు. ఇంటి స్వాధీనం ఇవ్వలేదు కాబట్టి దానం పూర్తికాలేదన్న వాదన నిలవదని సుప్రీంకోర్టు 2014లో తేల్చింది. రద్దుకు 126వ సెక్షన్ ఇచ్చిన వెసులుబాటు తక్కువ. దాత ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేని ఫలానా ఘటన జరిగితే దానం రద్దవుతుందని ఇద్దరూ ముందే ఒప్పుకుని ఉండాలి. లేదా మోసం, బలవంతం, అనుచిత ప్రభావం వంటివి రుజువు కావాలి. ఇందుకు సివిల్ కోర్టులో దావా వేయాలి. ఆ విషయం తెలిసిన నాటి నుంచి మూడేళ్లే గడువు.

60 ఏళ్లు నిండినవారికి మరో దారి ఉంది. అది తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007. తమ కనీస సౌకర్యాలు, అవసరాలు చూసుకోవాలన్న షరతుతో ఆస్తి ఇచ్చినప్పుడు, తీసుకున్నవారు ఆ మాట తప్పితే, ఆ బదిలీ మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టే 23వ సెక్షన్ పరిగణిస్తుంది. దాత కోరితే ట్రైబ్యునల్ దాన్ని చెల్లనిదిగా ప్రకటించవచ్చు. మన రాష్ట్రాల్లో ఈ ట్రైబ్యునల్ ఆర్డీవో స్థాయిలో ఉంటుంది. చట్టం అమలులోకి వచ్చాక జరిగిన బదిలీలకే ఇది వర్తిస్తుంది.

చిక్కంతా ఆ 'షరతు' దగ్గరే. మన ఇళ్లలో అమ్మ కొడుకుతో షరతులు రాయించుకోదు. దస్తావేజు లేఖరి 'ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను' అని రాస్తాడు, అంతే. షరతు లేకుండా 23వ సెక్షన్ పనిచేయదని, అలాంటి షరతు ఉన్నట్టు ట్రైబ్యునల్ ముందు రుజువు చేయాలని 2022 డిసెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది. వృద్ధులకు ఇది గట్టి దెబ్బే.

2025 జనవరి 2న వచ్చిన తీర్పు కొంత ఊరటనిచ్చింది. మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కుమారుడికి ఇల్లు దానమిచ్చారు. ఆమెను చూసుకుంటానని అతడు విడిగా రాసిన హామీపత్రం ఉంది. దానపత్రంలోనే షరతు లేదని హైకోర్టు ధర్మాసనం ఆమె అభ్యర్థనను తోసిపుచ్చగా, సుప్రీంకోర్టు చట్టం ఉద్దేశాన్ని విశాలంగా చూసి దానాన్ని రద్దు చేసింది. ఇంటి స్వాధీనం తిరిగి ఇప్పించే అధికారం కూడా ట్రైబ్యునల్‌కు ఉందని స్పష్టం చేసింది. అదే ఏడాది మార్చిలో మద్రాసు హైకోర్టు ఇంకా ముందుకెళ్లి, ప్రేమాభిమానాల మాటలోనే పోషణ షరతు ఇమిడి ఉంటుందంది. అయితే 2022 తీర్పు రద్దు కాలేదు. అందుకే ఆ ఒక్క మాటను నమ్ముకుని దస్తావేజు రాయించడం ప్రమాదమే.

పోషణ షరతును దానపత్రంలోనే సూటిగా రాయించడం, బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు అట్టిపెట్టుకోవడం మేలు. 2014 తీర్పు ప్రకారం అలా అట్టిపెట్టుకున్నా దానం చెల్లుతుంది. వీలునామా అయితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు, కానీ పిల్లలు దస్తావేజే అడుగుతారు. బిడ్డ ఆ ఇంటిని బయటివారికి అమ్మేస్తే వ్యవహారం మరింత జటిలం. దాత హక్కు సంగతి తెలియక డబ్బిచ్చి కొన్నవారి మీద పోషణ హక్కు సాగదని అదే సెక్షన్ అంటోంది. కాబట్టి కాలయాపన చేసినకొద్దీ దాతకే నష్టం.