ఉచిత బండి ఎన్నాళ్లు నడుస్తుంది?

పూర్వ విద్యార్థి సంఘాలు ఊరికి ఏదైనా చేయాలనుకున్నప్పుడు తరచు ముందుకొచ్చే మాట అంబులెన్సు. తరగతి గది కట్టించినట్టే, ఒక బండి కొని ఊరికి అప్పగించడమూ మంచి ఆలోచనే. అయితే రెండింటికీ ఒక తేడా ఉంది. గది కట్టాక నిలబడుతుంది. బండిని మాత్రం కొన్న మర్నాటి నుంచి ఎవరో ఒకరు రోజూ నడపాలి. ధర్మానికి నడిచిన బళ్ల చరిత్ర చూస్తే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది.

మన పల్లెల్లో రోగిని ఆసుపత్రికి చేర్చే బాధ్యత చాలాకాలం ఇరుగుపొరుగుదే. ఎడ్లున్న రైతు బండి కట్టేవాడు. మన్యంలో డోలీ కట్టి, భుజాలు మార్చుకుంటూ మోసేవారు. రోడ్డు పడని గూడేల్లో ఆ మోత ఇప్పటికీ తప్పలేదు. హైదరాబాద్ రాజ్యంలో నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించింది. తర్వాతి దశాబ్దాల్లో ఆర్టీసీ బస్సు మారుమూల ఊళ్లకూ చేరి బడికి, సంతకు, కచేరీ పనులకు అక్కరకొచ్చింది. కానీ బస్సుకు వేళ ఉంటుంది, పురిటినొప్పులకూ పాముకాటుకూ వేళ ఉండదు. ఆఖరి బస్సు వెళ్లిపోతే ట్రాక్టరు కోసమో, టాక్సీ కిరాయికి అప్పు కోసమో తిరగాల్సి వచ్చేది.

ఇంగ్లండు పల్లెలకు ఈ ఇబ్బంది మరో దారిలో వచ్చింది. అక్కడ కార్లు పెరిగిన కొద్దీ బస్సులకు జనం తగ్గారు. 1963లో బీచింగ్ నివేదిక 2,000కు పైగా రైల్వే స్టేషన్లు మూసేయమని సూచించింది. కారు లేని ముసలివాళ్లు ఊళ్లలోనే చిక్కుబడిపోయారు. అప్పుడు కొన్నిచోట్ల గ్రామస్థులే వంతులవారీగా మినీబస్సులు నడపసాగారు. ఇలాంటి సేవకు 1977 మినీబస్ చట్టం, ఆ తర్వాత 1985 రవాణా చట్టం దారి చూపాయి. లాభం ఆశించని సంస్థ మామూలు బస్సు కంపెనీకి కావలసిన లైసెన్సు లేకుండానే, ప్రత్యేక పర్మిటుతో, ఖర్చుకు సరిపడా చార్జీ తీసుకోవచ్చు. అందరూ ఎక్కే గ్రామ బస్సును మాత్రం మొదట్లో జీతం తీసుకోని డ్రైవర్లే నడపాలన్నారు. 2008 చట్టం ఆ నియమాన్ని సడలించింది. స్వచ్ఛంద సేవకు పుట్టిల్లు అనదగ్గ చోట కూడా జీతం ఇచ్చే వీలు కల్పించాల్సి వచ్చిందన్నమాట.

ఒక్క మనిషి పట్టుదలతో నడిచిన బండి మన దేశంలోనే ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని జల్పాయ్‌గురి జిల్లా ధలాబారి గ్రామంలో కరీముల్ హక్ తేయాకు తోట కార్మికుడు. అంబులెన్సు దొరక్క తల్లిని పోగొట్టుకున్నాడు. తర్వాత తోటలో కుప్పకూలిన తోటి కార్మికుణ్ణి తన వీపుకు కట్టుకుని మోటారు సైకిలు మీద ఆసుపత్రికి చేర్చాడు. ఆ బండే చుట్టుపక్కల ఊళ్లకు అంబులెన్సు అయింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన సేవకు చేతులెత్తి మొక్కాలి. అయినా ఒక మనిషి ఒంట్లో సత్తువ మీదా, జీతంలోంచి పోసే పెట్రోలు మీదా ఆధారపడిన ఏర్పాటును ఊరూరా నిలబెట్టలేం.

మన 108 కథ వేరు. సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు కుటుంబం స్థాపించిన ఈ.ఎం.ఆర్.ఐ. అనే లాభాపేక్ష లేని సంస్థ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈ సేవను ప్రారంభించింది. ప్రభుత్వంతో ఒప్పందం కుదిరాక పల్లెలకూ విస్తరించింది. 2009 జనవరి 7న రామలింగరాజు కంపెనీ లెక్కల తారుమారును ఒప్పుకుంటూ లేఖ రాశారు. దాత ఇల్లే కూలింది. బళ్లు మాత్రం ఆగలేదు. అప్పటికే నడిపే ఖర్చులో అధికభాగం ప్రభుత్వం భరిస్తోంది. ఆ ఏడాదే నిర్వహణ జీవీకే చేతికి వెళ్లింది. దాత మారినా సేవ మిగలడానికి కారణం రోజువారీ ఖర్చుకు ముందే ఒక ఆధారం ఏర్పడి ఉండడమే.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. వారానికి 168 గంటలు. ఒక డ్రైవరు 48 గంటలు చేస్తాడనుకుంటే, రాత్రింబవళ్లు సిద్ధంగా ఉండే ఒక్క బండికి ముగ్గురు చాలరు, నలుగురు కావాలి. డీజిలు, టైర్లు, బీమా, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అదనం. బండి షెడ్డుకెళ్లిన రోజున మరో బండి చూడాలి. సొంత వాడకానికి రిజిస్టరైన వాహనంలో జనం దగ్గర చార్జీ వసూలు చేయడానికి 1988 మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. దానికి పర్మిట్ కావాలి. కొన్న ఉత్సాహంలో ఇవన్నీ చిన్నవిగా కనిపిస్తాయి. దానమిచ్చిన బండి ఏ పంచాయతీ ఆవరణలోనో కదలకుండా పడి ఉందంటే, సాధారణంగా వీటిలో ఏదో ఒకదానికి డబ్బు అందకే.

అలాగని ఈ ఆలోచన మానుకోనక్కర్లేదు. ప్రాణం మీదికొస్తే 108 ఉంది. బాలింతను బిడ్డతో ఇంటికి చేర్చడానికి 102 ఉంది. ఈ రెంటికీ అందని వాళ్లు మిగిలారు: వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లి నీరసంతో తిరిగొచ్చేవారు, కంటి ఆపరేషన్‌కు తోడు లేని ముసలివాళ్లు, ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాల్సినవాళ్లు. వీళ్ల ప్రయాణాలు ముందే తెలిసినవి, చాలావరకు పగటిపూటవి. ఒక బండి, జీతమున్న ఒక డ్రైవరు, అతను సెలవు పెడితే వచ్చే మరొకరు, వారం ముందే రాసుకునే ఒక పుస్తకం ఉంటే పని సాగుతుంది. ప్రతి పదో తరగతి బ్యాచి ఏడాదిలో ఒక నెల ఖర్చు తన పేర రాసుకుంటే పన్నెండు బ్యాచీలతో ఏడాది గడుస్తుంది. యాభై ఏళ్ల బడికి బ్యాచీల కొరత లేదు. బండి ధర కంటే ముందు ఆ పన్నెండు నెలల జాబితా తయారైతే, తాళాలు ఎవరికివ్వాలో ఆ తర్వాత తేల్చుకోవచ్చు.