షికారు పడవకు ముందు సరుకు పడవ

కోడంబాక్కం పేరు చెబితే తెలుగువాళ్లకు స్టూడియోలు గుర్తొస్తాయి, వేషం కోసం ఇళ్లు వదిలి వచ్చిన కుర్రాళ్లు గుర్తొస్తారు. నీళ్లు మాత్రం ఎవరికీ గుర్తుకు రావు. ఇప్పుడక్కడ పడవ వేసే చోటు లేదు కాబట్టి గుర్తు రాకపోవడం సహజమే. సెలవు రోజున నలుగురైదుగురు కలిసి ఒక పూట పడవెక్కి, ఏదైనా దీవి చూసి, కాసేపు ఈతకొట్టి రావాలనుకుంటే ఆ పేటవాళ్లు వేరే ఊరికి పోవలసిందే. కానీ నూరేళ్లకు ముందు రైలుకట్టకు తూర్పున, ఈనాడు టి.నగర్ ఉన్న మేరంతా చెరువే. నుంగంబాక్కం నుంచి సైదాపేట దిక్కుగా నెలవంకలా సాగిన ఆ నీటిని ఇంగ్లీషువాళ్లు లాంగ్ ట్యాంక్ అన్నారు. మౌంట్ రోడ్డు దాని తూర్పుగట్టు వెంబడే పోయేది. పశ్చిమ మాంబలంలో లేక్ వ్యూ రోడ్డు, నుంగంబాక్కంలో ట్యాంక్ బండ్ రోడ్డు ఇప్పటికీ ఉన్నాయి. వాటి పేర్లలో ఉన్న చెరువే లేదు. ఇంటి ముందున్న నీళ్లు పోయి, దీవి షికారు కోసం అరవై, ఎనభై కిలోమీటర్లు వెళ్లవలసి రావడానికి జనం పెరగడం ఒక్కటే కారణం కాదని నా వాదన. పడవ షికారు ఎక్కడైనా బతుకు పడవను ఆనుకునే పుట్టింది. సరుకో, చేపలో, ఏరు దాటే మనుషులో లేని నీటిమీద షికారు ఎంత దర్జాగా మొదలైనా దాన్ని కాపాడేవాళ్లు ఉండరు.

లాంగ్ ట్యాంక్ సంగతే చూడండి. అది మొదట షికారు కోసం తవ్వింది కాదు, పొలాలకు నీరిచ్చే చెరువు. ఊరు పెరిగేకొద్దీ కింది ఆయకట్టు తోటలుగా, బంగళాలుగా మారిపోయింది. రైతుకు పని లేని ఆ నీటిమీద 19వ శతాబ్దం చివర్లో మద్రాస్ బోట్ క్లబ్ దొరలు తెడ్ల పందేలు పెట్టుకున్నారు. ఆ క్లబ్బు 1867లోనే పుట్టింది. పందెం పడవ సన్నంగా పొడుగ్గా ఉంటుంది, తెడ్డు వేసేవాళ్లకు, చుక్కాని పట్టేవాడికి తప్ప ఇంకొకరికి అందులో చోటుండదు. కోడంబాక్కం, మాంబలం పల్లెవాళ్లకు అది గట్టున నిలబడి చూసే తమాషా మాత్రమే. 1920లో టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది. 1923లో చెరువును పూడ్చి ఇళ్ల స్థలాలు చేసే పని మొదలైంది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానమంత్రి పానగల్ రాజా, అంటే కాళహస్తికి చెందిన పానగంటి రామరాయణింగారు. కొత్త పేటకు జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టారు. నడిబొడ్డున వేసిన పార్కు పానగల్ పార్కు అయింది. 1925లో చెరువు ఉత్తర భాగపు నేలలోనే లయోలా కాలేజీ వెలిసింది. బోట్ క్లబ్బుకు అడయారు నది ఉండనే ఉంది. చెరువు పోయినందుకు బతుకు పోయిన పడవవాడు ఒక్కడూ లేడు.

ఇళ్లు లేని మధ్యతరగతికి ఇళ్లు కట్టించడం తప్పా అని అడగవచ్చు. తప్పు కాదు. దొరల పందేల కోసం వేల కుటుంబాల గూడు ఆపమని ఆనాడు ఎవరు అడిగినా నవ్విపోయేవారు. పానగల్ రాజా ప్రభుత్వం తన కాలానికి న్యాయమైన పనే చేసింది. నేను అడిగేది వేరు: అంత నీరు పూడ్చేస్తుంటే అభ్యంతరం చెప్పే వర్గమే ఎందుకు లేకపోయింది? ఆయకట్టు రైతు అప్పటికే వెళ్లిపోయాడు. మిగిలింది వినోదం ఒక్కటే. వినోదం వేరే నీళ్లు వెతుక్కుంది. చెరువు చేసే రెండో పని, అంటే వాన నీటిని పట్టి ఉంచడం, ఎవరి జమాఖర్చులోనూ లేదు. 2015 డిసెంబరు వరదల్లో జాఫర్‌ఖాన్‌పేట, అశోక్‌నగర్, పశ్చిమ మాంబలం మునిగినప్పుడు ఆ లెక్క బయటపడింది. నగరంలో చిక్కుకున్నవాళ్లను దాటించడానికి సముద్రతీరపు పల్లెల నుంచి బెస్తవాళ్లు తమ పడవలను లారీల మీద వేసుకుని వచ్చారు.

ఇక బకింగ్‌హామ్ కాలువ చరిత్ర దీనికి సరిగ్గా ఎదురు. వ్యాపారి బేసిల్ కొక్రేన్ 1801లో మద్రాసు నుంచి ఎన్నూరుకు కాలువ తవ్వించడం మొదలుపెట్టి 1806కు ముగించాడు. దాదాపు 18 కిలోమీటర్లు. 1837లో ప్రభుత్వం దాన్ని తీసుకుని పులికాట్ సరస్సు మీదుగా కృష్ణపట్నం వైపు, ఇంకా ఉత్తరానికి పొడిగించింది. 1876-78 కరువులో తిండి లేని జనానికి పని చూపించడానికి నగరం లోపల కూవం, అడయారు నదులను కలుపుతూ ఎనిమిది కిలోమీటర్లు తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరు మొత్తం కాలువకు వచ్చింది. ఉత్తరాన పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువను కలుస్తుంది కాబట్టి బెజవాడ రేవులో పడవెక్కినవాడు నేలమీద కాలు పెట్టకుండా మద్రాసు చేరగలిగేవాడు. మొత్తం పొడవు 420 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం ఆంధ్రదేశంలోనే. కోస్తా నుంచి బియ్యం, ఉప్పు, గుల్ల సున్నం, శ్రీహరికోట అడవి కట్టెలు ఈ దారినే మద్రాసు పొయ్యిలకు, మేడలకు చేరాయి.

ఆ పడవ నడిచే తీరు తెలిస్తే అది షికారుకు ఎలా పనికొచ్చిందో తెలుస్తుంది. లోతు తక్కువ కాబట్టి తెడ్డు కంటే గెడకే పని ఎక్కువ. పడవవాడు ముందుకొస దగ్గర గెడను అడుగున గుచ్చి, రెండో కొసను భుజానికి ఆనించి, పడవ అంచు వెంట వెనక్కు నడుస్తాడు. అతను వెనక్కు నడిస్తే పడవ ముందుకు పోతుంది. చివరకు చేరాక గెడ పెరికి, భుజాన వేసుకుని మళ్లీ ముందుకు వస్తాడు. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తుతారు. కలిసిరాకపోతే ఒకరిద్దరు గట్టుమీదికి దిగి మోకు భుజానికి కట్టుకుని లాగుతారు. లాకు దగ్గర నీటిమట్టం సరిపడేదాకా ఆగాలి. వేగం మనిషి నడక వేగమే. బియ్యానికీ కట్టెలకూ ఈ నిదానం వల్ల ఇబ్బంది లేదు. ఎన్నూరు దాకా ఒక పూట. అంతే నిదానంగా పోయే పడవలో బస్తాలకు బదులు పదిమంది మనుషులు చాప పరుచుకుని కూర్చుంటే అదే షికారు. ఎన్నూరులో తెల్లవాళ్లు బంగళాలు కట్టుకుని సెలవులకు వెళ్లింది ఈ నీటిమీదే. 1934లో తమిళ కవి భారతీదాసన్ మిత్రులతో కలిసి మద్రాసు నుంచి మహాబలిపురానికి కాలువ పడవలో వెళ్లి, ఆ ప్రయాణం మీద పద్యం రాశాడు. వినోదానికి వెళ్లినవాళ్ల పడవను మోకు కట్టి లాగే మనుషుల కష్టం కూడా ఆ పద్యంలోకి ఎక్కింది. క్లబ్బు పడవలో అలాంటి పద్యం పుట్టే వీలు లేదు. అక్కడ తెడ్డు వేసేదీ దొరే, ఆనందించేదీ దొరే.

షికారును మనకు నేర్పింది తెల్లవాళ్లే కదా, అంతకు ముందు మనకు జలవినోదం ఎక్కడిది అనేవాళ్లున్నారు. దీనికి ఎదురుగా తెప్పోత్సవాన్ని చూపేవాళ్లూ ఉన్నారు. ఈ రెండు మాటలూ నాకు సగమే ఒప్పుదల. మైలాపూరు కపాలీశ్వరుడి తెప్ప కోనేటిలో మండపం చుట్టూ తిరుగుతుంది, జనం మెట్లమీద కూర్చుని దణ్ణం పెట్టుకుంటారు. విహారం దేవుడిది. దొరల క్లబ్బు తెచ్చింది పందెం. నలుగురు కలిసి అన్నం మూట కట్టుకుని పడవెక్కి ఒక పూట గడిపి రావడమనే అలవాటు ఈ రెంటినుంచీ రాలేదు. తిరునాళ్లకు, దర్గా ఉరుసుకు, పెళ్లికి అదే సరుకు పడవను మాట్లాడుకుని పోయిన జనం నుంచి వచ్చింది.

సముద్రతీర నగరమే కాబట్టి ఈత ఊసు కూడా ఒక్క ముక్కలో చెప్పాలి. కోరమాండల్ తీరంలో కెరటాలు కాళ్లకింద ఇసుక లాగేస్తాయి. దగ్గర్లో దీవుల చాటున నిలకడ నీళ్లు లేవు. మన పిల్లలు ఈత నేర్చింది బావుల్లో, చెరువుల్లో, కాలువల్లో, నడుముకు సొరకాయ బుర్రలో బెండో కట్టుకుని. ఆ బావులూ కాలువలూ పాడయ్యాక ఈత రుసుము కట్టి నేర్చుకునే విద్య అయింది.

కాలువ ఎందుకు పోయింది? రైలు చంపిందని సాధారణంగా చెబుతారు. 19వ శతాబ్దం ముగిసేసరికి మద్రాసు-బెజవాడ రైలు వచ్చిన మాట నిజం. కానీ ఆ తరవాత కూడా ఆరు దశాబ్దాలు కాలువ కట్టెలూ ఉప్పూ మోస్తూనే ఉంది. లారీలు సరుకును లాక్కుంటున్న కాలంలోనే 1965, 66 తుపానులు కాలువను పూడ్చాయి. పూడిక తీయించమని గట్టిగా అడిగే వర్తకుడు అప్పటికి మిగల్లేదు. ఆపైన మురుగు వదిలారు, 1990లలో నగరం లోపల దాని గర్భంలోనే స్తంభాలు దించి రైలు మార్గం కట్టారు. లాంగ్ ట్యాంక్‌కు 1923లో జరిగిందే దీనికి యాభై ఏళ్ల తేడాతో జరిగింది. 2008లో ఈ కాలువను కలుపుకున్న కాకినాడ-పుదుచ్చేరి జలమార్గాన్ని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. నగరం లోపలి కాలువలో మళ్లీ సరుకు కదిలే సూచన మాత్రం లేదు.

ఈ మధ్యలో కోడంబాక్కం ఒక చిత్రమైన పని చేసింది. తన నీళ్లు పోగొట్టుకున్న పేట తెలుగువాళ్లందరికీ పడవ షికారు మీద మోజు పుట్టించింది. 1957లో విజయావారి ‘మాయాబజార్’ వచ్చింది. అందులో వెన్నెల పడవ పాటకు స్టూడియో పనికి తోడు ఎన్నూరు నీళ్లను వాడుకున్నారు. వెన్నెల మాత్రం ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ సృష్టి. కొక్రేన్ కాలువ చేరే చోటే ఆ ఎన్నూరు. 1964లో ఆదుర్తి సుబ్బారావు ‘మూగమనసులు’ గోదావరికి వెళ్లింది. అందులో నాయకుడే పడవవాడు. 1973లో బాపు ‘అందాల రాముడు’ కథంతా గోదావరి మీద భద్రాచలం వెళ్లే లాంచీలోనే నడిపాడు. అంత నైపుణ్యం ఉన్న స్టూడియోలు కూడా అసలు నీళ్లు కావాలంటే పని జరుగుతున్న రేవులకే పోవలసి వచ్చింది. గోదావరి లాంచీలు మొదట సంతకూ, మన్యం ఊళ్లకూ, రాముడి గుడికీ మనుషుల్ని చేరవేసినవే. పాపికొండల షికారు ఆ తరవాతి మాట.

నా వాదనకు గట్టి అభ్యంతరం చెన్నై దగ్గరి ముట్టుకాడు. తమిళనాడు పర్యాటక సంస్థ 1984లో అక్కడ బోట్ హౌస్ పెట్టింది. సరుకు లేదు, రేవు లేదు, అయినా నడుస్తోంది. ఒప్పుకుంటాను. అయితే అక్కడి పడవ టిక్కెట్టు తీసుకున్న చోటి నుంచి ఒక చుట్టు తిరిగి అదే చోటికి వస్తుంది. దాన్ని నిలబెట్టింది ప్రభుత్వ సంస్థ. ఇంకా గట్టి అభ్యంతరం 2011 డిసెంబరు 25ది. పళవేర్కాడులో, అంటే పులికాట్‌లో, విహారానికి వెళ్లిన కుటుంబాల పడవ తిరగబడి 22 మంది పోయారు. అది చేపల పడవే. బతుకు పడవ అంత భద్రమైతే ఇలా ఎందుకు జరిగింది? చేపల పడవకు తెలిసిన బరువు వలలు. వల కదలదు. ఫొటో కోసం ఒక పక్కకు లేవదు. పడవవాడికి నీళ్లు తెలుసు, ఆ మనుషులు తెలియరు. ఎంతమందిని ఎక్కించాలో, లైఫ్ జాకెట్ ఎవరు ఇవ్వాలో చెప్పే కట్టుబాటు కావలసింది, దాని బదులు పర్యాటకుల పడవలను నిషేధించారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగింది చేపల పడవ కాదు, షికారు కోసమే నడిపిన బోటు. కాబట్టి ఏ రకం పడవ అన్నదానితో ప్రమాదం తీరదు, తనిఖీతో తీరుతుంది.

కోడంబాక్కానికి దగ్గరగా దీవులున్న నీళ్లు ఈనాటికీ పులికాట్ సరస్సే. ఆ దీవుల్లో శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం కిందికి పోయింది, అక్కడి నుంచి తొలి రాకెట్ 1971లో ఎగిరింది. కట్టెల పడవల రాకపోకలు ఆగాయి, యానాదుల అడవి వాళ్ల చేతుల్లో లేకుండా పోయింది. వేనాడులో దర్గా ఉంది. ఇరకం దీవికి తడ దగ్గరి భీములవారిపాలెం రేవు నుంచి పడవ. అక్కడివాళ్లు బడికీ, ఆసుపత్రికీ, సంతకూ పడవెక్కవలసినవాళ్లే. సరస్సు చాలాచోట్ల నిలువు మనిషి లోతు కూడా ఉండదు, కాబట్టి గెడ ఇంకా పనికొస్తుంది. చలికాలంలో వలస పక్షులు వస్తాయి, సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరుగుతుంది. ఆ దీవుల పాత బతుకు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే స.వెం. రమేశ్ ‘ప్రళయ కావేరి కథలు’ చదవాలి. పర్యాటక శాఖ కరపత్రం కంటే అదే మేలు.

చెన్నై నుంచి సూళ్లూరుపేట దాకా లోకల్ రైళ్లున్నాయి. వెళ్లేవాళ్లు భీములవారిపాలెంలో ఊరివాళ్ల పడవనే అనుమతి ఉందో లేదో అడిగి మాట్లాడుకోండి. లైఫ్ జాకెట్ వేసుకోకుండా ఎక్కకండి, నడిమధ్యలో లేచి నిలబడకండి. ఇరకం వాళ్లు సరుకులతో రేవులో ఎదురుచూస్తుంటే ముందు వాళ్లను దాటనివ్వండి.