834: ప్రతిపదార్థం

2022లో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు ఇచ్చిన జవాబుల సారం ఇది: జూన్ నాటికి నమోదైన అల్లోపతి డాక్టర్లు 13,08,009 మంది; వారిలో 80 శాతం, 5.65 లక్షల ఆయుష్ డాక్టర్లు అందుబాటులో ఉన్నారనుకుంటే, దేశంలో 834 మందికి ఒక డాక్టరు. పద్యానికి చెప్పుకున్నట్టే దీనికీ ప్రతిపదార్థం చెప్పుకుంటే గాని 834 బోధపడదు.

నమోదైన: రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో ఎప్పుడో ఒకప్పుడు పేరెక్కిన. క్రియ భూతకాలంలో ఉందని గమనించాలి. పేరెక్కించుకోవడానికి డాక్టరే వస్తారు, ఫీజు కడతారు. నంబరు లేనిదే ప్రాక్టీసు లేదు మరి. చనిపోయిన డాక్టరు పేరు కొట్టేయించడానికి కౌన్సిల్ మెట్లెక్కే కుటుంబాలు ఎన్ని? అమెరికాలో స్థిరపడ్డవారు, స్టెతస్కోపు పక్కనపెట్టి స్థలాల వ్యాపారంలో దిగినవారు కూడా చెప్పి వెళ్లరు. కొన్ని కౌన్సిళ్లు ఐదేళ్లకోసారి రెన్యువల్ అడుగుతాయి. అడగని చోట 1970ల పేర్లూ లెక్కలోనే ఉంటాయి. ఒక రాష్ట్రంలో చదివి మరో రాష్ట్రంలో బోర్డు పెట్టిన డాక్టరు పేరు పాత రిజిస్టరులో తీసేయకపోతే, లెక్కలో ఆయన ఇద్దరు. ఆధార్‌తో ముడిపెట్టిన జాతీయ మెడికల్ రిజిస్టరు 2024 ఆగస్టులో మొదలైంది ఈ చిక్కుముడి విప్పడానికే.

80 శాతం: అధ్యాహారం. మూలంలో లేని మాటను అర్థం కుదరడానికి తెచ్చుకోవడమన్నమాట. ‘అనుకుంటే’ అని జవాబులోనే ఉంది, ఆ నిజాయితీ మెచ్చదగ్గదే. పత్రికల హెడ్డింగుకు చేరేసరికి మాత్రం ‘అనుకుంటే’ రాలిపోతుంది. 70 శాతమని అనుకుంటే లక్షా ముప్పై వేల మంది డాక్టర్లు ఒక్క కలంపోటుతో మాయం.

ఆయుష్: ఇక్కడ అన్వయం తేలాలి. ఆ 80 శాతం వీరికి కూడానా? గుణించి చూద్దాం. వీరినీ 80 శాతమే తీసుకుంటే జనాభా 125 కోట్లే అవుతుంది, అది మరీ తక్కువ. పూర్తిగా కలిపితే 134 కోట్లు వస్తుంది. కాబట్టి కోత అల్లోపతికే. ఆయుర్వేద, హోమియో, యునాని వైద్యుల్లో చనిపోయినవారు, వలసపోయినవారు, మానేసినవారు ఒక్కరూ లేరని లెక్క! వీరిని కలపడం తప్పనను. కలపకపోతే అదే జనాభాకు 834 కాస్తా 1,284 అవుతుందని మాత్రం పక్కనే రాయాలి.

డాక్టరు: రిజిస్టరులో ఒకటి, ఊళ్లో ఒకటి. ఊళ్లో ‘డాక్టరుగారు’ అంటే చాలాచోట్ల డిగ్రీ లేని ఆర్‌ఎంపీ. 2001 జనాభా లెక్కలను తవ్విన ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక 2016లో వచ్చింది. అల్లోపతి డాక్టర్లమని ఎన్యూమరేటరుకు చెప్పుకున్నవారిలో 57.3 శాతానికి వైద్య విద్యార్హతే లేదని అది తేల్చింది. రిజిస్టరు లేనివారిని మోస్తుంటే, జనగణన కానివారిని మోసింది.

మందికి: సగటు. డాక్టరు ఎక్కడున్నారో సగటు చెప్పదు. పీహెచ్‌సీ గోడమీద బోర్డుంటుంది: మెడికల్ ఆఫీసరు, పక్కనే పేరు. పోస్టు మంజూరైంది, భర్తీ అయింది, జీతం ఈ పీహెచ్‌సీ పద్దులోనే పడుతోంది. మనిషి డిప్యుటేషన్ మీద జిల్లా ఆసుపత్రిలో ఉంటారు. నెలవారీ రిపోర్టులో ‘ఖాళీలు’ గడిలో సున్నా. ఓపీ చీటీ రాస్తున్నది స్టాఫ్ నర్సు.