మంచు మీద పరుగెత్తిన గిలక

గేర్లు లేని స్కూటర్ నడిపే మనలో, క్లచ్ ఎక్కడికి పోయిందా అని ఆలోచించేవాళ్లు ఎంతమంది చెప్పండి? ఎడమ చేతికింద ఉన్నది వెనక బ్రేకు. క్లచ్ పని ఎడమవైపు పొడుగాటి మూతకింద దానంతటదే జరిగిపోతుంటుంది. అక్కడ రెండు గిలకలు, వాటిమధ్య ఒక రబ్బరు బెల్టు. మా ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి సంగారెడ్డికీ, అటు పటాన్‌చెరు ఫ్యాక్టరీలకూ స్కూటర్లమీద పోయే అమ్మాయిల్ని లాక్కెళ్లేది అవే.

ఇంజను వైపు గిలక రెండు పళ్లేలుగా చీలి ఉంటుంది. దాని వెనక చిన్న చిన్న బరువులు. జాతరలో రంగులరాట్నం వేగం పెరిగేకొద్దీ కుర్చీలు బయటికి ఎగురుతాయి చూశారూ, అలాగే ఇంజను వేగం పుంజుకుంటే ఈ బరువులు బయటికి జరిగి పళ్లేల్ని దగ్గరికి నొక్కుతాయి. మధ్యన ఇరుక్కున్న బెల్టు పైకెక్కుతుంది. వెనక గిలకలో అదే బెల్టు లోపలికి దిగుతుంది. గేరు మారిపోయినట్టే!

ఇది స్కూటర్‌కి కొత్త సొమ్ము కాదు. 1930ల చివర్లోనే అమెరికాలో సాల్స్‌బరీ అనే కంపెనీ తన స్కూటర్‌కి దీన్ని పెట్టింది. ఆ తర్వాత ఇది మంచుదేశాలకు చేరి స్నోమొబైల్ ఎక్కింది. స్నోమొబైల్ అంటే ముందు రెండు స్కీలు, వెనక తిరిగే పట్టా ఉన్న మంచుబండి. కెనడాలో బొంబార్డియర్ అనే ఆయన కొడుకు, రెండేళ్ల పసివాడు, 1934లో అపెండిసైటిస్‌తో చనిపోయాడు. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆస్పత్రికి తీసుకువెళ్లలేకపోయారు. మంచు మీద నడిచే బండ్లే లోకంగా బతికిన ఆ మనిషి 1959లో స్కీడూ అనే చిన్నబండిని అమ్మకానికి తెచ్చాడు.

బండి వచ్చాక పందేలు రాకుండా ఉంటాయా? 1964 నుంచీ అమెరికాలోని ఈగిల్ రివర్‌లో మంచుబండ్ల పందేలు జరుగుతున్నాయి. ఇప్పుడు పాతబండ్లకు ప్రత్యేకంగా పందెమే ఉంది. కంపెనీ బిగించిన క్లచ్‌నే సవరించి గెలవాలని చూసేవాళ్లు వాటిలో చాలామంది. ఆ సవరింపు నాకు వంటింటి విద్యలా కనిపిస్తుంది. కంపెనీ లెక్క అందరికీ సరిపోయే ఉప్పు లాంటిది. పందెగాడికి అది చప్పన. గిలకలో స్ప్రింగు కుక్కర్ మీది వెయిట్ లాంటిది. గట్టి స్ప్రింగు వేస్తే ఇంజను బాగా వేగం అందుకున్నాకే బెల్టును పట్టుకుంటుంది, బండి ఒక్క ఉదుటున దూకుతుంది. ఇక బరువులు. తేలికవి వేస్తే ఇంజను ఎక్కువ వేగంతో తిరుగుతుంది, బరువైనవి వేస్తే తగ్గుతుంది. ఇంజనుకు అత్యధిక బలం ఏ వేగం దగ్గరుందో, పూర్తిగా త్రాటిల్ ఇచ్చినప్పుడు ముల్లు సరిగ్గా అక్కడే నిలవాలి. అందుకే గ్రాముల లెక్కన తూస్తారు, బరువులకు చిన్న చిల్లులు వేస్తారు, ఒక్కసారికి ఒక్కటే మార్చి నడిపి చూస్తారు. రెండూ కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు కదా!

ఇందులో ప్రమాదమూ ఉంది. ఒక బరువు తేలికై మరొకటి మిగిలిపోతే, నిమిషానికి వేలసార్లు తిరిగే గిలక అదిరి ముక్కలు కావచ్చు. అందుకే నడిపేవాడి కాళ్లకు తగలకుండా దానికి గట్టి లోహపు కవచం ఉంటుంది.

మనకైతే ఈ గిలక కైనెటిక్ హోండాతో ఇంటింటి మాట అయింది. ఆ రెండు కంపెనీలూ 1984లో చేతులు కలిపాయి. గేరు తిప్పే స్కూటర్ మగవాళ్లదే అనుకుంటూ వెనక సీట్లో పక్కకు తిరిగి కూర్చున్న ఆడవాళ్లు ముందుకొచ్చి కూర్చోవడానికి, మీట నొక్కితే స్టార్టయ్యే ఆ బండి చేసిన మేలు ఇంతా అంతా కాదు. మా ఆడపడుచు బ్యాంకుకి ఒక్కతే వెళ్లడం మొదలుపెట్టింది దానిమీదే.

ఇప్పుడు కుర్రాళ్లు కొందరు తేలిక రోలర్లు వేయించుకుని వీధుల్లో గర్జిస్తున్నారు. మావాడూ అడిగితే మెకానిక్ దగ్గరికి వెళ్లాం. "వద్దక్కా," అన్నాడతను. "ఇంజను ఊరికే మొత్తుకుంటది, పెట్రోలు తాగుతది. పాతయి ఒక పక్క అరిగినయ్, అదే బరువులో కొత్తయి ఏస్తా." వేయించి, డబ్బిచ్చి వచ్చాం. మావాడు దారంతా మాట్లాడలేదు.