ఇల్లే పనిముట్టు: నాబ్లుస్ సబ్బు కథ

సబ్బు అన్న మాట మన పెరట్లో మొలిచినది కాదు. అరబ్బీలో సాబూన్, పోర్చుగీసులో సబావ్, హిందీలో సాబున్, మనకు సబ్బు: అన్నీ దగ్గరి చుట్టాలే. ఆ మాట రాకముందు మనవాళ్ళు మురికిగా ఉన్నారని కాదు. తలకు కుంకుడుకాయ, శీకాయ, ఒంటికి సున్నిపిండి, బట్టలకు చౌడు. చాకిరేవులో బాన కింద మంటపెట్టి, చౌడు పట్టించిన బట్టలను ఉడికించి, బండమీద బాదితే తెల్లబడేవి. కానీ నూనెనూ క్షారాన్నీ కలిపి ఉడికించి, గట్టిపరచి, ముద్ర కొట్టి, ఒంటెల మీద దేశాలు దాటించే విద్యలో ఆరితేరినవారు మధ్యధరా సముద్రపు తీరవాసులు. ఆ విద్యను పెద్ద ఎత్తున, చేతులతోనే సాగించిన పట్టణాలలో పాలస్తీనాలోని నాబ్లుస్ ఒకటి. ఈ టపా ఆ ఊరి సబ్బు గురించి. మరింత సూటిగా చెప్పాలంటే, ఆ సబ్బును వండిన సరంజామా గురించి.

సరంజామా గురించి ఎందుకంటే, చేతితో చేసిన సబ్బు అనగానే మన కళ్ళముందు మెదిలేది వంటగది గట్టు, ఒక గిన్నె, ఒక గరిటె, నాలుగు అచ్చులు. చేతిపని అంటే చిన్నపని అన్న భావన మన మనసుల్లో అంతగా పాతుకుపోయింది. నాబ్లుస్ కథ ఆ భావనను తలకిందులు చేస్తుంది. అక్కడ ఒక్క వాయి సబ్బుకు పట్టే నూనె అయిదారు టన్నులు. అయినా కలిపినది చేయి, మోసినది చేయి, కోసినది చేయి, ముద్ర వేసినది చేయి.

నాబ్లుస్ ఎబాల్, గెరిజీమ్ అనే రెండు కొండల నడుమ లోయలో ఒదిగిన పట్టణం. చుట్టుపక్కల గ్రామాలన్నీ ఆలివ్ తోటలు. అక్కడివారు ఒక వాయిని తబ్ఖా అంటారు, అంటే వంట. వండే కొప్పెర పేరు ఖిద్రా. బషారా దౌమానీ 1995లో వెలువరించిన రీడిస్కవరింగ్ పాలస్తీన్ అనే గ్రంథంలో పద్దెనిమిది, పందొమ్మిదవ శతాబ్దాల నాబ్లుస్ సబ్బు పరిశ్రమను విపులంగా వర్ణించాడు. ఆయన చెప్పిన ప్రకారం ఒక తబ్ఖాకు 250 జాడీల నూనె కావాలి. సగం కొప్పెర వండుదామంటే కుదిరే పని కాదు. ఆ కొప్పెర నేలలో పాతుకుని ఉంటుంది, దానికింద పొయ్యి, చుట్టూ లేచినది భవనం. కొప్పెరను ఇంట్లో పెట్టారనడం కంటే, కొప్పెర చుట్టూ ఇల్లు కట్టారనడం సబబు.

ఇంత పెద్ద కొప్పెర ఎందుకన్న ప్రశ్నకు గణితం కొంత జవాబు చెబుతుంది. పాత్ర కొలతలన్నీ రెట్టింపు చేస్తే అందులో పట్టే సరుకు ఎనిమిది రెట్లవుతుంది. వేడి బయటికి పోయే ఉపరితలం మాత్రం నాలుగు రెట్లే. అంటే పాత్ర పెరిగిన కొద్దీ వేడి నిలుస్తుంది, వంటచెరకు కలిసివస్తుంది. ఆ వంటచెరకు గానుగాడిన తరువాత మిగిలే ఆలివ్ గింజల పిప్పి. అక్కడ దానిని జిఫ్త్ అంటారు. కాయ ఇచ్చిన నూనె కొప్పెరలో ఉడుకుతుంటే, ఆ కాయ గింజే కింద మండుతూ ఉండేదన్నమాట.

నూనె తరువాత క్షారం. కిలో ఆలివ్ నూనె సబ్బుగా మారాలంటే దాదాపు 135 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. అయిదు టన్నులకు లెక్కగడితే 670 కిలోల పైమాటే. కాస్టిక్ సోడా డబ్బాలలో దొరకని కాలంలో అంత క్షారం ఎక్కడినుంచి వచ్చేది? జోర్డాన్ నదికి ఆవల, బల్ఖా ప్రాంతపు బీళ్ళలో పెరిగే ఉప్పు మొక్కలనుంచి. బెదూయిన్లు వేసవిలో ఆ మొక్కలను పోగుచేసి, కాల్చి, బూడిదను గోతాలకెత్తి ఒంటెల బిడారులతో నాబ్లుస్‌కు తెచ్చేవారు. ఆ బూడిద పేరు ఖిల్వ్. ఆల్కలీ అని రసాయనశాస్త్రంలో మనం చదువుకున్న మాట ఈ అరబ్బీ కుదురునుంచి వచ్చినదే.

ఖిల్వ్‌లో ఉండేది ప్రధానంగా సోడియం కార్బొనేటు. మన రేవుల్లో వాడిన చౌడులో ఉండేదీ అదే. అది బట్టమీది జిడ్డును వదిలించగలదు గానీ టన్నుల కొద్దీ నూనెను గట్టి సబ్బుగా మార్చేటంత చురుకు దానికి లేదు. సున్నం తోడైతేనే అది పదునెక్కుతుంది: సున్నం కార్బొనేటును తనలోకి లాక్కుని సుద్దగా అడుగుకు దిగిపోతుంది, నీటిలో కాస్టిక్ సోడా మిగులుతుంది. కాబట్టి కొప్పెర ఉంటే చాలదు. ఖిల్వ్‌ను దంచి పొడిచేయడానికి పెద్ద రాతి రోలు, సున్నం ఆరబోసి చల్లార్చడానికి లోతు తక్కువ గుంట, రెండిటినీ కలిపి నీరు పోసి ఊరించడానికి వరుసగా తొట్లు, ఊరిన నీరు చుక్కచుక్కగా దిగడానికి వాటికింద మరికొన్ని తొట్లు కావాలి. కొప్పెర అడుగున ఒక తూము ఉండేది. సారం నూనెకు ఇచ్చేసి చప్పబడిన వేడినీటిని ఆ తూముగుండా వదిలి, తిరిగి ఖిల్వ్ మీద పోసి, పదునెక్కాక మళ్ళీ కొప్పెరలోకి చేర్చేవారు. నీరూ వృథా కాలేదు, నీటిలోని వేడీ వృథా కాలేదు. ఈ చక్రం పదే పదే తిరుగుతూ వంట వారం పైచిలుకు సాగేది.

వారం పాటు కలియబెట్టిన సాధనం తెడ్డు. మనకు పడవ నడిపేదీ తెడ్డే, కలిపేదీ తెడ్డే. నాబ్లుస్ కార్మికుడి చేతిలోది చూస్తే ఆ రెండర్థాలకూ తేడా కనబడదు. అది నిజంగానే పడవ తెడ్డు ఆకారంలో ఉంటుంది. సబ్బు ఉడికిందా లేదా తేల్చేవాడు రయ్యిస్, అంటే మేస్త్రి. ఆయన దగ్గర ఉష్ణమాపకం లేదు. వాసన చూసి చెప్పేవాడు. బెల్లం వండే చోట పాకం పదును చూసే పెద్దను ఎరిగినవారికి ఈ మనిషి కొత్తవాడు కాడు. కొవ్వుల నిర్మాణాన్ని విప్పి సబ్బు ఎలా పుడుతుందో షెవ్రూల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పుస్తకంగా వెలువరించినది 1823లో. అప్పటికి ఎన్ని తరాలుగా రయ్యిస్‌లు ముక్కుతో ఆ శాస్త్రాన్ని నడిపిస్తూ వచ్చారో!

ఇక నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది పై అంతస్తు. ఉడికిన సబ్బును బకెట్లకెత్తి, భుజాన మోసుకుంటూ మెట్లెక్కి, పైనున్న విశాలమైన గచ్చుమీద పోసేవారు. దాని పేరు మఫ్రష్, అంటే పరిచే చోటు. వేరే అచ్చులు లేవు. ఆ గచ్చే అచ్చు. అంత పెద్ద గచ్చు ఎందుకో నేనొక లెక్క వేసి చూసుకున్నాను. అయిదు టన్నుల నూనెనుంచి, నీటితో కలిపి, సుమారు ఏడు టన్నుల పచ్చి సబ్బు వస్తుందనుకుందాం. బిళ్ళ మందం అయిదు సెంటీమీటర్లు ఉండాలంటే దానిని దాదాపు 140 చదరపు మీటర్ల మేర పరచాలి. అంటే ఒక మాదిరి ఇంటి స్థలమంత! కింది కొప్పెర కొలతే పైగది కొలతను నిర్ణయించిందన్నమాట.

పరిచిన సబ్బు కాస్త బిగిశాక దానిని చదును చేసి, రంగులో ముంచిన దారంతో గళ్ళు గీసి, ఒక్కొక్క గడిలో సుత్తిలాంటి ముద్రతో యజమాని గుర్తు కొట్టి, గీతల వెంబడి కోసేవారు. తరువాత ఆరబెట్టడం. దానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది కూడా. ఈలోగా మరో వాయి వస్తుంది. గచ్చు ఖాళీ కావాలి. అందుకని బిళ్ళలను గాలి ఆడేలా సందులు వదులుతూ, గుండ్రంగా, లోపల బోలుగా, మనిషిని మించిన ఎత్తున బురుజుల్లా పేర్చేవారు. చూడడానికి అలంకారంలా ఉండే ఆ బురుజులు నిజానికి స్థలాభావానికి పరిష్కారం. పెద్ద కిటికీలున్న ఎత్తైన గదిలో గాలి కూడా ఒక పనివాడే.

నేలకింద నూనె బావులు, నేలమీద కొప్పెర, పైన గచ్చు, గచ్చుమీద బురుజులు, బురుజుల మధ్య గాలి. వీటిలో ఏది పనిముట్టు, ఏది భవనం అని విడదీయలేం. ఇల్లే పనిముట్టు.

ఇంత పెద్ద పనిముట్టు ఎవరి చేతికి అందుతుంది? కథలో చేదు ఇక్కడుంది. 250 జాడీల నూనె ఒక్కసారిగా పోగుచేయాలి; ఖిల్వ్‌కు, కూలికి డబ్బు పెట్టాలి; సబ్బు ఆరి అమ్ముడయ్యేదాకా ఆ సొమ్ము తిరిగి రాదు. అందువల్ల ఈ వ్యాపారం సంపన్నుల గుప్పిట్లో, చాలాసార్లు భాగస్వాముల గుప్పిట్లో ఉండేది. నూనె కోసం వర్తకులు రైతులకు ముందే డబ్బిచ్చి, రాబోయే పంటను తక్కువ ధరకు రాయించుకునేవారు. సలమ్ అనే ఈ ఒప్పందం కింద ఎన్నో ఆలివ్ పల్లెలు అప్పుల్లో చిక్కుకున్నాయి. మిరపకూ పొగాకుకూ బయానా తీసుకుని ధర చేజార్చుకున్న మన రైతుకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. కొప్పెర పరిమాణం అంటే అప్పు పరిమాణం కూడా. చేతిపని అంటే చిన్నపని కాదన్నట్టే, చేతిపని అంటే అమాయకమైన పని కూడా కాదు.

1907 నాటికి నాబ్లుస్‌లో సుమారు 30 కర్మాగారాలు ఏటా 5,000 టన్నులకు చేరువగా సబ్బు తయారుచేసేవని, అది పాలస్తీనా మొత్తం ఉత్పత్తిలో సగానికి పైనని అంచనా. ఈజిప్టు పెద్ద కొనుగోలుదారు. ఆ తరువాత ఖిల్వ్ స్థానంలోకి సీమ కాస్టిక్ సోడా వచ్చింది. రోళ్ళు, తొట్లు మూలపడ్డాయి. కొప్పెర, గచ్చు, బురుజులు మాత్రం నిలిచాయి. 1927 జూలైలో వచ్చిన భూకంపం ఊరిని కుదిపి పరిశ్రమను దెబ్బతీసింది. యంత్రాలతో చేసిన చవక సబ్బులు మిగిలిన పని చేశాయి. నిలదొక్కుకున్న కొద్దింటిలో తూఖాన్ కుటుంబానిది ఒకటి. దాని ముద్ర రెండు తాళంచెవులు. కవయిత్రి ఫద్వా తూఖాన్ (1917-2003) ఆ వంశంవారే.

2002 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ సైన్యం పాతబస్తీ మీద చేసిన దాడిలో కనాన్, నాబుల్సీ కర్మాగారాలు నేలమట్టమయ్యాయి. కుండ పగిలితే కుమ్మరి మరో కుండ చేసుకుంటాడు. మగ్గం విరిగితే మరో మగ్గం. ఇల్లే పనిముట్టయినప్పుడు ఆ ఇల్లు కూలితే మళ్ళీ తెచ్చుకోగల వస్తువేదీ మిగలదు. కొప్పెరకు తగ్గ గచ్చు, గచ్చుకు తగ్గ కిటికీ, ఇవన్నీ తరాలుగా ఒకదానికొకటి అమరినవి.

2024 డిసెంబరులో యునెస్కో నాబ్లుస్ సబ్బు తయారీని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. అదే సమావేశంలో సిరియాకు చెందిన అలెప్పో సబ్బుకూ ఆ గౌరవం దక్కింది. సంతోషించవలసిన విషయమే. పాలస్తీనా కుటుంబాలు ఇళ్ళలో చిన్న పాత్రల్లో సబ్బు చేసుకుంటూనే ఉన్నాయి. ఆ విద్య బతుకుతుంది. కానీ అమూర్తం అన్న మాట దగ్గర నా మనసు ఆగింది. రయ్యిస్ ముక్కుకు తెలిసినది నిజంగా అమూర్తమే. ఆ ముక్కు పనిచేయాలంటే మాత్రం దానిముందు అయిదు టన్నుల కొప్పెర ఉడుకుతుండాలి. గిన్నెడు సబ్బు చేసే చేతికి తెలిసేది ఒక విద్య, కొప్పెరెడు సబ్బు చేసే చేతికి తెలిసేది మరొక విద్య. రెండవది గోడలతోపాటు పోతుంది.

మన చౌడు కథ ఇంకా ఎవరూ సమగ్రంగా రాసినట్టు నా కంటబడలేదు. చౌడు ఏ నేలలో ఏరేవారో, బాన ఎంత ఉండేదో, ఎన్ని బట్టలు పట్టేవో మీ ఊరి పెద్దలు చెప్పగా విన్నవారుంటే దయచేసి వ్యాఖ్యలలో రాయండి. కొలతలతో సహా రాస్తే మరీ మంచిది. మన దగ్గర ఆ పనిముట్లు కూలనక్కరలేదు, అడిగేవారు లేకపోతే చాలు.