కునుకు లేని డ్యూటీల వందేళ్లు

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్‌పై పడింది. మన్యం ఇంకా రగులుతుండగానే, 1923 జూలైలో విశాఖపట్నంలో పానగల్ రాజా వైద్య కళాశాలను ప్రారంభించారు. ఈనాటి ఆంధ్రా మెడికల్ కాలేజీ అదే. అరకు, పాడేరు కొండల్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఆఖరి దిక్కు దాని బోధనాసుపత్రి కింగ్ జార్జ్ హాస్పిటలే (కేజీహెచ్).

రోడ్డు లేని గూడెం నుంచి ముందు డోలీ, ఆపైన అంబులెన్స్‌లో ఘాట్ దిగాలి. అర్ధరాత్రి చేరిన గర్భిణికి మొదట ఎదురయ్యేది ప్రొఫెసర్ కాదు, హౌస్‌సర్జనో పీజీనో. ఆమెది కువి భాష, డాక్టరుకు తెలుగే వచ్చు. తోడొచ్చిన ఆశా కార్యకర్త ఒక్కో మాటా చెబుతుంటే కేస్ షీట్ రాయాలి, నెత్తురు తీయాలి, బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తాలి. తెల్లారగానే రౌండ్స్‌లో నిలబడాలి. రాత్రి ఒక ప్రాణం పోయి ఉంటే, ఆ దుఃఖానికి వ్యవధే ఉండదు.

ఈ కునుకు లేని డ్యూటీల ఆనవాయితీ మనది కాదు. 1889లో తెరిచిన అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో సర్జన్ విలియం హాల్‌స్టెడ్ తన శిష్యులను రేయింబవళ్లు ఆసుపత్రిలోనే ఉంచాడు. ఆయన కొకైన్‌కు బానిసై, తర్వాత మార్ఫిన్ పాలయ్యాడు. పద్ధతి లోకమంతా పాకింది. ఆయన బాధ మాత్రం దశాబ్దాలు గుట్టుగానే ఉంది.

1992లో కేంద్రం రెసిడెంట్ డాక్టర్లకు వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలు చాలంది. అమలైన వార్డులు అరుదు. 2024లో జాతీయ వైద్య కమిషన్ కార్యదళం ముందు 5,337 మంది పీజీలు నోరు విప్పితే, 31.2 శాతం మంది ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయన్నారు. వారానికి 74 గంటలు దాటొద్దని కార్యదళం సూచించింది. ముప్పై రెండేళ్లలో 48 కాస్తా 74 అయిందంటే, ఆ బరువును ఎంత మామూలుగా తీసుకున్నామో!

విశాఖలో మానసిక వైద్యశాల 19వ శతాబ్దం నుంచీ ఉంది. అక్కడ పాఠం నేర్చుకునే విద్యార్థులే, తమకోసం ఓపీ చీటీ రాయించుకోవాలంటే జంకుతారు. సీనియర్లకు తెలిస్తే చులకన, ఇంట్లో తెలిస్తే కంగారు.

2024లో పాడేరులోనూ 50 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. కొండ మీదే స్పెషలిస్టు పోస్టులు నిండితే గిరిజనులకు ఘాట్ ప్రయాణం తప్పుతుంది, కేజీహెచ్ పీజీలకూ కాస్త ఊపిరి ఆడుతుంది. తొలి బ్యాచ్ 2029 నాటికి హౌస్‌సర్జన్లవుతారు. వాళ్ల డ్యూటీ చార్టులో వారానికో సెలవు, నైట్ డ్యూటీ తర్వాత నిద్ర, పేరు బయటపడకుండా మానసిక వైద్యుణ్ని కలిసే వీలు ఇప్పుడే రాసిపెట్టాలి.