గుండమ్మ ఇంట్లో అజ్ఞాతవాసం

1936. బందరులో ఇద్దరు ద్రౌపదులకు పోటీ. ఒకరు 'ద్రౌపదీ వస్త్రాపహరణం'లో కన్నాంబ, మరొకరు 'ద్రౌపదీ మానసంరక్షణం'లో సురభి కమలాబాయి. ఒకే కథ, ఒకే ఏడు, రెండు టాకీలు. నాటకాల్లో చప్పట్లు మోగించిన బళ్ళారి రాఘవ తెరమీద దుర్యోధనుడిగా నిలిచాడా లేదా అని అరుగుల మీద వాదనలు సాగి ఉంటాయి. ఆ రోజుల్లో ముట్నూరి కృష్ణారావు గారి 'కృష్ణాపత్రిక'లో 'సినీ ఫాన్' పేరుతో సమీక్షలు రాసే కుర్రవాడికి పాతికేళ్లు. బందరులోనే పుట్టిన కమలాకర కామేశ్వరరావు.

రెండో ఆట చూసొచ్చి దీపం ముందు కాగితాలు సర్దుకుంటున్న ఆ కుర్రవాణ్ణి ఊహించుకోవడం కష్టం కాదు. పేరుకు ఫానే, చేతిలో మాత్రం తరాజు. (ఫాన్ అంటే ఇలా కూడా ఉండొచ్చని మన అభిమాన సంఘాలకు ఎవరైనా చెబితే బావుణ్ణు.)

అక్కణ్నుంచి మద్రాసు. హెచ్.ఎం.రెడ్డి 'గృహలక్ష్మి', ఆ తర్వాత వాహినిలో బి.ఎన్., కె.వి.రెడ్ల దగ్గర ఏళ్లతరబడి శిష్యరికం. 1954లో విజయా వారు 'చంద్రహారం' చేతికిచ్చారు. డబ్బు బాగా పోశారు, సినిమా పోయింది. ఒకప్పుడు ఊళ్లో కూర్చుని సినిమాలు తూచినవాణ్ణి ఈసారి జనం తూచారు. 'పాండురంగ మహాత్మ్యం', 'మహాకవి కాళిదాసు'తో లేచి నిలబడ్డాక ఆయనకు పురాణాల మనిషని పేరు స్థిరపడిపోయింది.

అలాంటి మనిషి దగ్గరికి 'గుండమ్మ కథ' అనే రుబ్బురోలు కథ వచ్చింది. కన్నడంలో విఠలాచార్య తీసిన 'మనె తుంబిద హెణ్ణు' దానికి మూలం. డి.వి.నరసరాజు మొదట రాసింది సి.పుల్లయ్య దర్శకత్వం కోసం. విజయా నిర్మాత నాగిరెడ్డికి తృప్తి కలగలేదు. చక్రపాణి కథను తిరగరాశారు. పాటలు బందరులో పెరిగిన పింగళి నాగేంద్రరావువి. హీరోలిద్దరూ గుడివాడ చుట్టుపక్కలవాళ్లే, నిమ్మకూరు ఎన్టీఆర్, రామాపురం ఏఎన్నార్. ఒకరికి నూరో సినిమా, ఇంకొకరికి తొంభైతొమ్మిదోది. ఎవరి పేరు ముందు వేయాలన్న చిక్కు తెగక, టైటిల్స్‌లో పేర్లు మానేసి ఫొటోలు చూపించారు. 1962 జూన్ 7న 'గుండమ్మ కథ' విడుదలైనప్పుడు గుడివాడలో ఏ హీరో మనుషులు ఏ వరసలో కూర్చున్నారో, ఈలల్లో ఎవరిది పైచేయి అయిందో ఊహకే వదిలేద్దాం.

ఈ సినిమా గురించి మాట్లాడేవాళ్లంతా చక్రపాణినీ నరసరాజునూ మెచ్చుకుంటారు. గుండమ్మగా వేసిన సూర్యకాంతం సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆ తర్వాత ఆడపిల్లకు గుండమ్మ అని పేరు పెట్టే ధైర్యం ఎవరికుంది? దర్శకుడి పేరు దగ్గరికి వచ్చేసరికి మాట పొదుపైపోతుంది. కామేశ్వరరావు ఏంచేశారని అడిగితే నేను చెప్పేది ఒక్కటే, ఆయన తీసింది విరాటపర్వం, పాండవుల అజ్ఞాతవాసం కథ.

చూడండి. ఇంటి పెద్దకూతురు సొంత ఇంట్లో అంట్లు తోముతుంది. జమీందారు కొడుకు పొట్టి నిక్కరు తొడుక్కుని, నోట్లో వేలు పెడితే కొరకలేని అంజిలా ఆ ఇంట్లోనే నౌకరీకి చేరతాడు. తమ్ముడు డబ్బులేనివాడిలా నటిస్తాడు. గుట్టు మనకు తెలుసు, గుండమ్మకు తెలియదు. నవ్వంతా ఆ సందులోనే ఉంది. పద్యాల మీద, హరికథల మీద పెరిగిన కృష్ణా డెల్టా జనానికి ఈ సరదా కొత్త కాదు. వానలు పడకపోతే విరాటపర్వం చదివించుకున్న నేల మనది. మారువేషం ఎప్పుడు బయటపడుతుందోనన్న ఆత్రం మన ఒంట్లోనే ఉంది.

అందుకే ఎన్టీఆర్ పిండి రుబ్బుతూ పాడే పాటలో వెకిలితనం కనపడదు. ఆయన కన్ను కొట్టి "నేను హీరోనే" అని మనకు సైగ చేయడు. అంజి నిజంగానే రుబ్బుతాడు, సావిత్రి నిజంగానే సిగ్గుపడుతుంది. వేషాన్ని వేషం వేసినవాడే నమ్మకపోతే చూసేవాడికి నవ్వు రాదని పురాణాలు తీసే దర్శకుడికి వేరే చెప్పాలా?

నమ్మకం కుదరకపోతే మరుసటి ఏడాది ఆయనే తీసిన 'నర్తనశాల' చూడండి. నిక్కరు విప్పిన ఎన్టీఆర్ బృహన్నల అయ్యాడు. గుండమ్మ సవతి కూతురు సావిత్రి సైరంధ్రి అయింది. కొడుకులిద్దరినీ ఆ నాటకంలోకి దింపి వెనక నవ్వుకున్న పెద్దమనిషి ఎస్వీ రంగారావు కీచకుడయ్యాడు. మహాభారతం మధ్యలో రేలంగి ఉత్తరకుమారుడై కోతలు కోస్తుంటే హాలు హాలంతా నవ్వింది. ఏది పౌరాణికం, ఏది హాస్యం అని గీత గీయడం ఆయన విషయంలో నా వల్ల కాదు.

అంతా చక్రపాణి చలవే అనేవాళ్లకు ఒక్క మాట. అదే 1962లో అదే కథను తమిళంలో 'మనిదన్ మారవిల్లై'గా చక్రపాణే స్వయంగా డైరెక్ట్ చేశారు. ఏఎన్నార్, సావిత్రి, జమున అందులోనూ ఉన్నారు. అది తెలుగంత ఆడలేదు. కథ అదే, వెనకనున్న సంస్థ అదే. ఎన్టీఆర్ లేడుగా అంటారు, ఒప్పుకుంటాను. కానీ బందరు సినీ ఫాన్ కూడా లేడు.